రవి గాంచనిచో చిత్రకారుడు గాంచున్

ఖగోళ శాస్త్రంలో ఏళ్ల తరబడి సాగుతున్న ఒక అన్యాయాన్ని ఇకనైనా బయటపెట్టక తప్పదు. 2019లో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతిలో సగాన్ని మిషెల్ మేయర్, డిడియే కెలో అనే ఇద్దరు స్విస్ శాస్త్రజ్ఞులకు పంచి ఇచ్చారు. సూర్యుడి వంటి మరో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని 1995లో మొట్టమొదట కనిపెట్టినందుకట. కనిపెట్టారు సరే, చూశారా? లేదు. 51 పెగాసి అనే నక్షత్రం 4.2 రోజులకొకసారి అటూ ఇటూ ఊగుతోందని లెక్క తేల్చి, దాన్ని ఏదో లాగుతోందని చెప్పి ఊరుకున్నారు. ఆ ‘ఏదో’కు రంగు పూసి, మబ్బులు చుట్టి, నలుగురిలోకి తీసుకువచ్చినవాడు చిత్రకారుడు. ఆయనకు బహుమతి మాట దేవుడెరుగు, బొమ్మ కింద పేరైనా కంటికి ఆనేంత అక్షరాల్లో వేయరు.

ఉదాహరణకు సూర్యుణ్ని వదిలేస్తే మనకు అతి దగ్గరి నక్షత్రాన్నే తీసుకుందాం. ప్రాక్సిమా సెంటారి. దూరం 4.24 కాంతి సంవత్సరాలు, అంటే సుమారు 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి ద్రవ్యరాశిలో ఎనిమిదో వంతు కూడా లేని ఎర్ర మరుగుజ్జు. ఇంత దగ్గరలో ఉండి కూడా మామూలు కంటికి కనిపించదు. 2016 ఆగస్టులో శాస్త్రజ్ఞులు దీని చుట్టూ ఒక గ్రహం ఉందని ప్రకటించారు. ఎలా తెలిసిందంటే, చిలీలోని లా సియ్యా కొండ మీద ఉన్న టెలిస్కోపుతో నక్షత్ర కాంతిని పట్టి, వర్ణపటంగా విడదీసి, అందులోని సన్నని గీతలు నీలం వైపో ఎరుపు వైపో ఏ మేరకు జరుగుతున్నాయో కొలిచారు. నీలం వైపు జరిగితే నక్షత్రం దగ్గరికి వస్తున్నట్టు, ఎరుపు వైపైతే దూరం పోతున్నట్టు. నక్షత్రం కొన్నాళ్లు గంటకు అయిదు కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోంది, కొన్నాళ్లు అదే వేగంతో వెనక్కి పోతోంది. 11.2 రోజులకు ఒక ఆవృత్తి పూర్తి. గంటకు అయిదు కిలోమీటర్లంటే మనిషి నడక. 40 లక్షల కోట్ల కిలోమీటర్ల అవతల ఒక అగ్నిగోళం మనిషి నడిచినంత వేగంతో కదిలితే ఇక్కడ కూర్చుని పట్టేశారన్న మాట.

ఇందులో చూడడానికి ఏముంది చెప్పండి? ఎగుడుదిగుడు గీత ఒకటి, దాని మీద చుక్కలు. అలాంటి దాన్ని మొదటి పేజీలో వేసుకునే పత్రిక ఉంటుందా?

పైగా ఆ గీత చెప్పేది కూడా ఏమంత లేదు. గ్రహం కనీస ద్రవ్యరాశి దాదాపు భూమి అంత. తన నక్షత్రానికి 75 లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతోంది. నీరు ద్రవరూపంలో నిలవగల నివాసయోగ్య మండలంలోనే ఉంది, అదీ తగిన వాతావరణం ఉంటేనే. ఉందో లేదో తెలియదు. అసలు గ్రహం వ్యాసం ఎంతో కూడా తెలియదు, ఎందుకంటే అది మన చూపుకు అడ్డంగా నక్షత్రం ముందు నుంచి పోతున్న దాఖలా దొరకలేదు. ఏ గ్రహం సైజు తెలియదో ఆ గ్రహం గురించి ఇన్ని పేజీల పరిశోధనా పత్రం రాయడానికి శాస్త్రజ్ఞులకు మొహమాటమైనా ఉండాలి.

ఇక చిత్రకారుడి పనితనం చూడండి. ప్రకటన వెలువడిన రోజుకే బొమ్మ సిద్ధం. దూరం నుంచి గీసిన గోళం కాదది, గ్రహం నేల మీద నిలబడి గీసిన దృశ్యం! రాతి గుట్టలు, ఎర్రబారిన ఆకాశం, దిగంతంలో వేలాడుతున్న ప్రాక్సిమా, కాస్త పైగా ఆల్ఫా సెంటారి జంట నక్షత్రాలు. సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్-1 వ్యోమనౌక అటు తిరిగినా అక్కడికి చేరడానికి సుమారు 75 వేల ఏళ్లు పట్టేది. ఈయన కుంచె, రంగులు సర్దుకుని వెళ్లి, గీసి, గడువులోగా తిరిగివచ్చాడు. రవి గాంచనిచో కవి గాంచునన్న పెద్దలకు కవి వరకే తెలుసు. ఇక్కడైతే ప్రాక్సిమా అనే రవి రేయింబవళ్లు ఆ గ్రహాన్ని చూస్తూనే ఉన్నాడు, ఊగి ఊగి సాక్ష్యం కూడా చెబుతున్నాడు. ఆయన మాట ఎవరికి కావాలి?

ఆ రవి స్వభావం కూడా అంత మంచిది కాదు లెండి. 2019 మే నెలలో ప్రాక్సిమా మీద ఎగసిన ఒక జ్వాల అతినీలలోహిత కాంతిలో కొన్ని సెకన్లలోనే 14,000 రెట్లు పెరిగింది. అంత దగ్గరలో ఉన్న గ్రహం మీద గాలి మిగిలి ఉందా అన్నది శాస్త్రజ్ఞుల బెంగ. చిత్రకారుడు అలాంటి అమంగళాలు పలకడు. బొమ్మలో ఎప్పుడూ సాయంకాలమే.

‘ఇది చిత్రకారుడి ఊహ’ అని కింద రాస్తూనే ఉన్నాం కదా అని అబ్జర్వేటరీల వారు అంటారు. రాస్తారు, కాదనను. ఆ వాక్యం వేల ఫోన్లు దాటి మన దాకా వచ్చేసరికి ఎక్కడో జారిపోతుంది. బొమ్మ మాత్రం చెక్కుచెదరదు, ‘రెండో భూమి దొరికింది’ అన్న శీర్షికతో సహా.

అసలు నన్నడిగితే గ్రహం కంటే బొమ్మే గట్టిది. 2010లో గ్లీజ్ 581 జి అనే గ్రహాన్ని ప్రకటించినప్పుడు, దాని మీద జీవం ఉండే అవకాశం నూటికి నూరు పాళ్లని కనిపెట్టిన శాస్త్రజ్ఞుడే విలేకరుల ముందు అనేశారు. 2014లో మరో బృందం లెక్కలు తిరగదోడి, అక్కడున్నది గ్రహం కాదు, నక్షత్రపు అయస్కాంత అలజడి వల్ల పుట్టిన భ్రమ అని తేల్చింది. గ్రహం రద్దయింది. బొమ్మను రద్దు చేసే లెక్క మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఫోమల్‌హాట్ బి అనే మరో ‘గ్రహం’ కథ మరీ విచిత్రం. దానికి ఏకంగా హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఫోటో ఉంది. 2008లో విడుదల చేశారు, 2015లో ప్రజల చేత ఓట్లు వేయించి ‘డాగన్’ అని నామకరణం కూడా చేశారు. ఈ లోగా ఫోటోలోని చుక్క మసకబారుతూ పోయి, చివరికి కనిపించడం మానేసింది. రెండు మంచు శకలాలు ఢీకొని లేచిన ధూళిమేఘం కావచ్చునని 2020లో ఒక అధ్యయనం చెప్పింది. బారసాల జరిగాక బిడ్డ దుమ్మని తేలిందన్న మాట. శాస్త్రజ్ఞుల చేతికి కెమెరా ఇస్తే ఇలాగే ఉంటుంది.

నిజమైన గ్రహాల నిజమైన ఫోటోలూ లేకపోలేదు. హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రం చుట్టూ నాలుగు గ్రహాలు ఏళ్ల తరబడి మెల్లగా జరగడాన్ని టెలిస్కోపుల్లో పట్టి, వరుసగా చేర్చి చూపించారు. మధ్యలో నక్షత్రాన్ని కప్పిన నల్లటి మరక, చుట్టూ నాలుగు మసక చుక్కలు. వేరే సూర్యుడి కుటుంబం తిరుగుతుంటే మనిషి కళ్లారా చూడడం అది. నేను చూపించినవాళ్లంతా మర్యాదగా తల ఊపి, ‘అసలు బొమ్మ ఏది?’ అని అడిగారు.

కనుక నా డిమాండు న్యాయమైనదే. ఇకపై గ్రహాన్ని కనిపెట్టిన ఖ్యాతి చిత్రకారుడికి, దాన్ని లేదని తేల్చే పని శాస్త్రజ్ఞులకు అప్పగించాలి.

ఒక్క విషయంలోనే నాకు కాస్త భయంగా ఉంది. ఏ ప్రాక్సిమా పక్కనో ఇదే వృత్తిలో ఉన్నవాళ్లు ఉండి, మన సూర్యుడి ఊగిసలాటను కొలుస్తున్నారనుకోండి. వాళ్లకు శుక్రుడూ భూమీ పక్కపక్కనే కనిపిస్తాయి. శుక్రుడి ద్రవ్యరాశి భూమిలో అయిదింట నాలుగు వంతులు, వ్యాసం 95 శాతం. అక్కడి ఎండ భూమి మీద కంటే దాదాపు రెండింతలు, బొమ్మకు వెలుతురు బాగా అమరుతుంది. నేల మీద సీసం కరిగేంత వేడి, 465 డిగ్రీలు, ఉందన్న సంగతి అంత దూరానికి ఎవరు మోసుకుపోతారు? వాళ్ల చిత్రకారుడు నీలిరంగు సముద్రమంతా శుక్రుడికే పోసేసి, మన వంతు వచ్చేసరికి గిన్నెలో రంగు అయిపోయిందని భూమికి రాళ్లు గీసి సరిపెడితే ఎవరితో మొరపెట్టుకోవాలి?