మూల పిన్ను గారికి, మనఃపూర్వక శాపనార్థాలతో

శ్రీయుత పదో పిన్ను గారికి,
బౌలింగ్ లేన్, ఆఖరి వరుస, కుడి మూల,
గట్టర్ (లేన్ అంచు కాలువ) పక్కన.

అయ్యా,

మీరు క్షేమంగా ఉన్నారని తెలుసు. నిన్న సాయంత్రం కళ్ళారా చూశాం. చుట్టూ తొమ్మిది మంది నేలకూలినా, తమరు మాత్రం పొలిమేరలో పోతురాజులా కదలకుండా నిలబడ్డారు. అదీ ఆటలో ఆఖరి విడతైన పదో ఫ్రేములో, మేం మనసులో స్కోరు కూడేసుకున్నాక. ఆ తర్వాత ఏం జరిగిందో మీకూ తెలుసు, మాకూ తెలుసు, పక్క లేన్‌లో కేకు కోస్తున్న పుట్టినరోజు బృందానికీ తెలుసు. మళ్ళీ చెప్పించకండి.

తమరి మీద గౌరవంతోనే కొన్ని మాటలు మనవి చేసుకుంటున్నాం.

బాల్ పాకెట్‌లోకి, అంటే ఒకటో పిన్నుకీ మూడో పిన్నుకీ మధ్య సందులోకి, ముచ్చటగా దిగినప్పుడు అది స్వయంగా తాకేది నలుగురినే. ఒకటి, మూడు, ఐదు, తొమ్మిది. మిగతా ఆరుగురి సంగతి పిన్నులే చూసుకోవాలి. ఒకటి రెండుని, రెండు నాలుగుని, నాలుగు ఏడుని. ఐదు ఎనిమిదిని. మూడు ఆరుని, ఆరు తమరిని. అంటే తమరి బాధ్యత పూర్తిగా ఆరో నంబరు వారిది. బాల్ దిగే కోణంలో వెంట్రుకవాసి తేడా వస్తే వారు తమరి మెడ పక్కనుంచి రివ్వున వెళ్ళిపోతారు. బాల్‌లో సత్తువ అయిపోయి, హెడ్ పిన్ను, అంటే ఒకటో నంబరు, తగలగానే పక్కకి జారితే, వారు గట్టర్‌లో తమరి పాదాల దగ్గర సాష్టాంగపడతారు. మొదటి రకమైతే మా తప్పేం లేదని రోషం, రెండో రకమైతే చేతిలో పస లేదని సిగ్గు. రెంటికీ చేసేది ఒకటే. అప్రోచ్ (బాల్ వెయ్యడానికి నడిచొచ్చే చోటు) మీద నాలుగైదు అంగుళాలు ముందుకో వెనక్కో జరిగి నిలబడాలి, లేదా ఒక బోర్డు (నేల మీది చెక్క పలక) పక్కకి. కానీ అది వచ్చే ఫ్రేము సంగతి. ఈ ఫ్రేములో ఎదురుగా ఉన్నది తమరు. ఈ చిన్న ముక్క మా బుర్రకి ఎక్కదు.

గొడవంతా బాల్ తిరిగొచ్చే ఆ కాసేపట్లోనే. చెయ్యి ఖాళీగా ఉంటుంది, నోరు ఉండదు. వెనక్కి తిరిగి, "చూశావా బాబాయ్? నిఖార్సైన పాకెట్! పడలేదు చూడు!" అని కోర్టు వాయిదాకి సాక్షుల్ని పోగేసినట్టు పోగేస్తాం. కూర్చున్నవాళ్ళు పాపం తలలూపుతారు. ఈలోగా బాల్ వచ్చేస్తుంది. మొదటి బాల్ కేసు కాగితాలు చంకలో పెట్టుకునే రెండో బాల్ వెయ్యడానికి వెళతాం. చెయ్యి వేసేది రెండోది, తల మాత్రం ఇంకా మొదటిదే వేస్తుంటుంది. అలా వేసినది తమరి ఎడమ పక్కనుంచి పోయిందా, కుడి పక్క గట్టర్‌లో పడిందా అనేది వివరం మాత్రమే.

ఆ వివరం కూడా చెప్పేస్తాం. రోషంతో వెళితే బొటనవేలు బిగుసుకుంటుంది. బిగుసుకున్న వేలు ఆలస్యంగా బయటికొస్తుంది, బాల్ ఎడమకి లాగేస్తుంది. పైగా అడుగులు తొందరపడతాయి. ఆఖరి అడుగు ముందే పడిపోతుంది, చెయ్యి ఇంకా వెనకే ఉంటుంది. ఆ వెనకబాటు పూడ్చుకోవడానికి భుజం అడ్డంగా తిరుగుతుంది. పోనీ అని ఈసారి జాగ్రత్తపడితే? జాగ్రత్త ఇంకా ప్రమాదం. చెయ్యి ఊగడం మానేసి, బాల్‌ని పసిపిల్లని నడిపించినట్టు నడిపిస్తుంది, అది తిన్నగా గట్టర్‌లోకి నడుస్తుంది. అన్నట్టు, బిగింపంతా భయం వల్లే అనుకోకూడదు. బెజవాడ ఎండలో ఉబ్బిన వేలు ఏసీలో గంటసేపటికి సన్నబడుతుంది, బాల్‌లో వేలు దూర్చే హోల్ వదులవుతుంది, జారిపోతుందేమోనని చెయ్యి దానంతటదే బిగిస్తుంది. లోపల ఒక టేపు ముక్క అంటిస్తే సగం "టెన్షన్" అక్కడే పోతుంది. మనస్తత్వ శాస్త్రం దాకా వెళ్ళక్కర్లేదు.

అసలు తమరేమన్నా అంత కష్టమైన గురా? బాల్ అడ్డుకొలత ఎనిమిదిన్నర అంగుళాలు. తమరి నడుము అయిదంగుళాలకి కాస్త తక్కువ. ఇద్దరి సగాలూ కలిపితే, బాల్ నడిబొడ్డు తమరికి ఆరున్నర అంగుళాలు ఎడమగా వెళ్ళినా తగులుతుంది. కుడివైపు గట్టర్ దాకా ఇంకో రెండున్నర పైచిలుకు ఉంది. మొత్తం తొమ్మిది అంగుళాలు. జానెడు! బాల్ వేసేవాడు దాటకూడని ఫౌల్ లైన్ నుంచి అరవై రెండున్నర అడుగుల దూరంలో జానెడు వాకిలి తెరిచి పెట్టారు తమరు. మన ఊరి విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టింది యాభై మీటర్ల అవతల ఎనిమిది సెంటీమీటర్ల వలయాన్ని చూసి. తమరు పందొమ్మిది మీటర్లే. పైగా ఇది అర్జునుడు తపస్సు చేసిన ఇంద్రకీలాద్రి ఉన్న ఊరు. గురి తప్పితే కొండ దిగొచ్చేటప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలి?

చిక్కేమిటంటే, తమరి దగ్గర ద్రోణుడి పరీక్ష తలకిందులు. పిట్ట కన్ను తప్ప ఏమీ కనపడట్లేదన్న శిష్యుడు ఇక్కడ తప్పుతాడు. పదిహేను అడుగుల దూరంలో లేన్ మీద ఏడు బాణం గుర్తులున్నాయి. కుడిచేతివాడు ఎడమవైపు, కుడినుంచి లెక్కపెడితే ముప్పై అయిదో బోర్డు దాపుల్లో నిలబడి, భుజాలు తమరివైపు తిప్పి, నడిమధ్య బాణం చుట్టుపక్కల నుంచి లేన్‌కి అడ్డంగా వేస్తాడు. ఆ బోర్డు ఒక్కొక్కరికి రెండు మూడు అటూ ఇటూ. బాల్ ఆ గుర్తు దాటేదాకా చూపు అక్కడే ఉండాలి. "పిన్ను కనపడట్లేదు గురువుగారూ, బాణమే కనపడుతోంది" అన్నవాడే నెగ్గుతాడు. కానీ తమరి మొహం చూస్తే చూపు నిలుస్తుందా? ఆఖరి అడుగులో తల పైకి లేస్తుంది, భుజం దాంతోపాటే లేస్తుంది.

పైగా ఉచిత సలహాలు. "గట్టర్‌లో మాత్రం వెయ్యకు బ్రో." మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్నట్టే. ఆ మాట అన్నాక కనపడేది గట్టరే.

చిల్లర ఫిర్యాదులు కూడా ఉన్నాయి, తమరికి సంబంధం లేకపోయినా రాస్తున్నాం. తప్పగానే తెర మీద ఎగిరి గంతులేసే ఆ బొమ్మ పిన్నుని తమరి చుట్టమని అనుమానిస్తున్నాం. అప్రోచ్ మీద కూల్‌డ్రింక్ ఒలకబోసి తుడవని మహానుభావుల వల్ల బూటు అతుక్కుని మోకాలు ముందుకి పోతోంది. చెయ్యి వెనక్కి ఊగిన క్షణంలోనే కరెంటు పోయి జనరేటర్ అందుకుంటుంది. ఇక అద్దె బాల్‌కి ఉన్న హోల్స్‌లో మూడు వేళ్ళు కాదు, మూడు పునుగులు పడతాయి.

ఏడో నంబరు వారితో కలిసి రెండు మూలల్లో నిలబడ్డప్పుడు తమరి మీద మాకు కోపం రాదని గమనించారా? అది పోయినా ఎవరూ ఏమీ అనరు. నవ్వి, ఒకటి పడగొట్టి, కూర్చుంటాం. నిద్ర చెడగొట్టేది ఒంటరిగా నిలబడ్డ తమరే. "ఒక్కటే కదా" అంటారు చూసేవాళ్ళు.

ఒక్కటేనా? నీకసలు లెక్కలొచ్చా? పది ఫ్రేములూ తొమ్మిది పడగొట్టి, ప్రతిసారీ నిన్ను మిగుల్చుకుని, ప్రతిసారీ రెండో బాల్‌తో కొట్టి (కొడితే తర్వాతి బాల్ స్కోరు అదనంగా కలుస్తుంది), ఆఖరి బాల్‌కీ తొమ్మిదే వస్తే 190. ప్రతిసారీ నిన్ను వదిలేస్తే 90. నూరు పిన్నులు! ఒక్కసారి తప్పితేనే, ముందు ఫ్రేము స్ట్రైక్ (మొదటి బాల్‌కే పదీ పడి, తర్వాతి రెండు బాల్స్ స్కోరూ కలిసేది) అయితే అందులో ఒకటి పోతుంది, నువ్వు ఒకటి పోతావు, తర్వాతి బాల్ తేవాల్సిన పది దాకా పోతాయి. పన్నెండు. పదో ఫ్రేములో అయితే ఆ తర్వాతి బాల్ అసలు చేతికే రాదు, బూట్లు విప్పి కౌంటర్లో ఇచ్చి రావడమే. నిన్న ఇచ్చి వచ్చాం కదా. కిలోన్నర బరువు, పదిహేనంగుళాలకి మించి పొడుగు లేదు నువ్వు! నీ వల్ల ఒక మనిషి బందరు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర బండాపుకుని గాల్లో చెయ్యి ఊపుతూ మణికట్టు తిప్పి చూసుకుంటుంటే, వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

సరే. గొంతు తగ్గిస్తాం.

మేమూ ఊరికే కూర్చోలేదు. ఇకమీదట కోపానికి హద్దు గీశాం. అప్రోచ్ గుమ్మం దాకా ఎంతైనా తిట్టుకోవచ్చు, అక్కడ గుడి ముందు చెప్పులు విడిచినట్టు విడిచెయ్యాలి (బూట్లు మాత్రం ఉంచుకుని). బాల్ వచ్చేలోగా సాక్షులతో మాటల్లేవు. బాల్‌కి అంటిన లేన్ నూనెని టవల్‌తో తుడవడం, అంతే. నీ కోసం వేరే బాల్ కూడా ఉంది, నున్నటి ప్లాస్టిక్‌ది. స్ట్రైక్‌కి వాడే రియాక్టివ్ బాల్ లేన్ చివర పొడిగా ఉన్నచోట పట్టు దొరకగానే ఎడమకి తిరిగి నీ పక్కనుంచి జారుకుంటుంది. ప్లాస్టిక్‌ది నూనె ఉందా లేదా పట్టించుకోదు, తిన్నగా పోతుంది. కాళ్ళు బోర్డు మీద, భుజాలు నీ వైపు, మణికట్టు తిప్పకుండా, ఊపిరి ఒక్కసారి పొడుగ్గా వదిలి, చూపు బాణం మీద నిలవగానే అడుగు. ఇంకో ఆలోచన వచ్చేలోపు. బాల్ నిన్ను తాకేదాకా ఆ భంగిమలోనే నిలబడటం. తెర మీద స్కోరు చూడటం బంద్. ఇదంతా ఎవరూ చూడని మంగళవారం మధ్యాహ్నం ప్రాక్టీసులో కూడా పొల్లుపోకుండా చెయ్యాలి, లేకపోతే ఆదివారం టోర్నీలో చెయ్యి గుర్తుపట్టదు.

అయినా పోతుంది ఒక్కోసారి. 1991లో ఫెయిర్ లేన్స్ ఓపెన్ టోర్నీలో అమెరికన్ ప్రొఫెషనల్ బౌలర్ డెల్ బలార్డ్ జూనియర్ అంతటివాడికి, పదో ఫ్రేములో రెండు స్ట్రైకులు కొట్టాక, ఆఖరి బాల్‌కి ఏడు పిన్నులు చాలు. గట్టర్‌లో వేశాడు. టైటిల్ పీట్ వెబర్ పట్టుకెళ్ళాడు. అది తలుచుకుంటే కాస్త అన్నం సయిస్తుంది.

ఇంకొకటి ఒప్పుకోవాలి. ఎప్పుడో ఒకసారి తొమ్మిది మందీ పడిపోయి, పడ్డ పిన్నుల్ని ఊడ్చేసే స్వీపర్ బార్ దిగబోతుండగా, అవతలి గోడకి కొట్టుకుని వెనక్కొచ్చిన పిన్ను ఒకటి ఏ తొందరా లేకుండా, బీసెంట్ రోడ్డు మీద షికారుకొచ్చినట్టు దొర్లుకుంటూ నీ దగ్గరికొస్తుంది. మెసెంజర్ అంటాం మేం దాన్ని. లేన్ అంతా ఊపిరి బిగబడుతుంది. అది నీ కాలికి తగులుతుంది. నువ్వు ఒక్క క్షణం ఊగుతావు, పడాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. అప్పుడు పడతావు చూడు, ఆ పడటంలో ఎంత అందం ఉంటుందో, నిన్ను తిట్టినవాళ్ళందరం లేచి నిలబడి చప్పట్లు కొడతాం.

ఆదివారం నాలుగింటికి మళ్ళీ కలుద్దాం.

ఇట్లు,
ముప్పై అయిదో బోర్డు మీద నిలబడేవాళ్ళు,
బెజవాడ.

తా.క.: ఎడమచేతివాళ్ళు ఇదే ఉత్తరం ఏడో నంబరు వారికి రాస్తామన్నారు. బోర్డు లెక్కలు ఎడమనుంచి పెట్టుకోమని చెప్పాం.