సిస్టర్లు నవ్వట్లేదని కంప్లయింట్ అంట

మా హాస్పిటల్ ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో ఈ మధ్య తెగ వస్తున్న మాట, "సిస్టర్లు నవ్వుతూ మాట్లాడట్లేదు" అని. దానికి మేనేజ్‌మెంట్ ఏం చేసిందంటే సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్ పెట్టింది, అదీ నైట్ డ్యూటీ దిగినవాళ్లకి. కళ్లు మండిపోతుంటే ఏసీ హాల్లో కూర్చోబెట్టి పేషెంట్‌ని ఎలా పలకరించాలో మాకు నేర్పారు! ఆ నేర్పినాయన జన్మలో ఒక్క బెడ్‌పాన్ అయినా పెట్టుంటాడా అని నా డౌటు.

నాకు ఈ పనంటే విసుగు లేదు. ఎవరికీ దొరకని వెయిన్ నాకు దొరికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) ఒక్క పోటుకే ఎక్కినప్పుడు, వెంటిలేటర్ మీద ఉండి బతికిన పెద్దాయన రివ్యూకి నడుచుకుంటూ వచ్చి "గొంతులో గొట్టం ఉన్నప్పుడు నాతో మాట్లాడింది నువ్వే కదమ్మా" అన్నప్పుడు ఉండే తృప్తే వేరు. అయినా లోపల ఏదో ఎండిపోతోంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయి అంటాడు మా ఆయన. ఉంటాయి మరి. ప్రోక్వాల్ అని 30 ప్రశ్నల ఫారం ఒకటుంది, నర్సుల మీద రీసెర్చ్ చేసేవాళ్లు వాడతారు, అందులో పనిలో తృప్తికి ఒక స్కోరు, బర్నవుట్‌కి, అంటే పనితో పూర్తిగా అలిసి చితికిపోవడానికి ఒకటి, ఎదుటివాళ్ల బాధ చూసీ చూసీ మనకి పట్టుకునే దానికి ఇంకొకటి, మూడూ విడివిడిగానే వేస్తారు. కంపాషన్ ఫెటీగ్, అంటే జాలి పడీ పడీ మనసు అలిసిపోవడం అని నర్సుల గురించి 1992లోనే రాశారు, ఇదేం కొత్త రోగం కాదు.

మొన్న నైట్‌లో ఒకాయన పోయారు. సీపీఆర్ ఆపేసి డాక్టర్ గారు టైమ్ చెప్పాక మిగతాదంతా మా పనే, లైన్లు తీయాలి, ట్యూబ్ తీయాలి, ముక్కులో దూది పెట్టాలి, గడ్డానికి బ్యాండేజీ, కాలి బొటనవేళ్లకి కట్టు. ఆయన చేతికి తాయత్తు ఉంది, ముడి బిగుసుకుపోయింది, కత్తెర పెట్టబుద్ధి కాక గోళ్లతో విప్పుతున్నా. క్యాజువాలిటీ నుంచి ఫోన్, "బెడ్ రెడీయా సిస్టర్?" ఇంతలో పక్క బెడ్ వాళ్ల అబ్బాయి కర్టెన్ లాగి, మా నాన్న సెలైన్ అయిపోయి ఎంతసేపైంది, ఏం చేస్తున్నారు మీరు అని అరుపు. అతని తప్పేం లేదు, నిజంగానే అయిపోయింది. వెళ్లి బాటిల్ మార్చా. నవ్వలేదు.

నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో టీచింగ్ హాస్పిటల్ కాకపోతే మామూలు వార్డుకి ఐదుగురు పేషెంట్లకో నర్సు, ఐసీయూలో ఒకరికి ఒకరు. మా దగ్గర నైట్‌లో ఎందరికి ఎందరమో ఇక్కడ రాస్తే రేపు నాకు మెమో వస్తుంది, వదిలేయండి.

2020 మే నెలలో కరోనా డ్యూటీ చేసేవాళ్లకి థాంక్స్ అని గాంధీ హాస్పిటల్ మీద హెలికాప్టర్‌తో పూలు చల్లారు, గుర్తుందా? జూలైకల్లా అదే గాంధీలో అవుట్‌సోర్సింగ్ నర్సులు జీతాల కోసం ధర్నాకి దిగారు. 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ, ప్రైవేట్‌లో ఎంత చిన్న హాస్పిటలైనా నర్సుకి 20 వేలకి తగ్గొద్దు, 200 పడకలు దాటితే గవర్నమెంట్ నర్సుతో సమానంగా ఇవ్వాలి అంది. కేరళలో నర్సులు రోడ్డెక్కి 2018లో కనీస జీతం 20 వేలు చేయించుకున్నారు. మనమేమో నర్సెస్ డే నాడు కేక్ కట్ చేసి ఫొటో దిగి డ్యూటీకి పోతాం.

నాకు కౌన్సెలింగ్ వద్దు, యోగా క్లాసు అసలే వద్దు. మా చేతుల్లో మనిషి పోయాక ఒక పావుగంట బయట కూర్చోనివ్వండి, ఆ పావుగంట నా బెడ్లు చూడ్డానికి ఇంకో మనిషిని ఇవ్వండి. ఇదే అడిగా ట్రైనింగ్‌లో, "మంచి పాయింట్ సిస్టర్" అని ఆ నేర్పేటాయన నెక్స్ట్ స్లైడ్‌కి పోయాడు.

మా ఫ్లోర్‌లో చిన్న వయసు సిస్టర్లు సగం మంది ఫారిన్ వెళ్లడానికి ఓఈటీ అనే ఇంగ్లీష్ పరీక్ష కోచింగ్, మిగతావాళ్లు జర్మనీకి పోదామని జర్మన్ క్లాసులు. వెళ్లిపోమంటారా అక్కా అని అడిగితే వెళ్లండ్రా అనే చెప్తున్నా. వాళ్ల ప్లేస్‌లో ఫ్రెషర్ వస్తుంది, ఆ పిల్లకి పని నేర్పించేదీ మేమే, అదే షిఫ్ట్‌లో, అన్ని బెడ్లూ చూసుకుంటూనే.