స్కాన్ కాదు, ఒడియా మాస్టారి ఫారం కావాలి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువాళ్ళ ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది: "ఏడీహెచ్‌డీ పేరు చెప్పి పిల్లలకు మత్తుబిళ్ళలు మింగిస్తున్నారు. అందుకే అవి మామూలు షాపుల్లో దొరకవు. జబ్బుందో లేదో హైదరాబాదులో మెదడు స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. ఇక్కడ చూసేవాడు లేడు. అల్లరి వయసుతో పాటే పోతుంది."

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, అతిచురుకుదనం, తొందరపాటు వయసుకు మించి ఉండే సమస్య. ముందు స్కాన్ సంగతి. ఏడీహెచ్‌డీని తేల్చే స్కానూ లేదు, రక్తపరీక్షా లేదు. ధ్యాస నిలవకపోవడానికి 9 లక్షణాలు, అతిచురుకుదనం, తొందరపాటుకు 9. పిల్లల్లో ఏదో ఒక జాబితాలో కనీసం 6 ఉండాలి, ఆరు నెలలుగా ఉండాలి, 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ, అంటే కనీసం రెండుచోట్ల కనబడాలి. అందుకే డాక్టరు బడి నుంచి ఫారం అడుగుతాడు. ఇందుకు వాడే వాండర్‌బిల్ట్ అనే ప్రశ్నావళిలో తల్లిదండ్రులకు 55 ప్రశ్నలు, మాస్టారికి 43.

మన దగ్గర పని చెడేది ఇక్కడే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒకటో తరగతి పిల్లాడికి పాఠమే అర్థం కాకపోతే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. మాస్టారు "ధ్యాస లేదు" అని టిక్కు పెట్టేస్తారు. ఇంట్లో వాడు గంటసేపు కుదురుగా బొమ్మలు వేస్తుంటే ఆ మాట డాక్టరుకు చెప్పాల్సింది మీరే. ఫారంతో పాటు నోటుపుస్తకాలు రెండు పట్టుకెళ్ళండి. చెవి, చూపు పరీక్షలు ముందే చేయించండి: చీము కారే చెవి, రాత్రి గురకపెట్టించే టాన్సిల్స్, కొన్ని సెకన్లు మాత్రం శూన్యంలోకి చూసే మూర్ఛ, ఇవన్నీ పైకి అజాగ్రత్తలాగే కనిపిస్తాయి.

"ఇక్కడ చూసేవాడు లేడు" అన్నది సగమే నిజం. పిల్లల మానసిక వైద్యులు తక్కువే, కాదనం. కానీ పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే 2013లో మొదలైంది, అది గుర్తించాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. ఆ బృందం సర్కారు బడికి ఏడాదికోసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు రావాలి. వచ్చిన రోజున పిల్లాడి పేరు రాయించి, జిల్లా ఆసుపత్రికి రిఫరల్ చీటీ అడగండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. దారి తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కు చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.

ఇక మత్తు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ ఉత్తేజక మందు. దీంతో నిద్ర తగ్గొచ్చు, ఆకలి మందగించొచ్చు. మగత తెప్పించే మందు తీరు అది కాదు. దుర్వినియోగం చేసేవాళ్ళు ఉంటారు కాబట్టే షెడ్యూల్ ఎక్స్ అనే గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలో పెట్టారు: అమ్మే షాపుకు ప్రత్యేక లైసెన్సు ఉండాలి, డాక్టరు మందుల చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి షాపువాడు రెండేళ్ళు దాచాలి. దొరకకపోవడానికి కారణం ఇదే. 2020 టెలీమెడిసిన్ నిబంధనల ప్రకారం దీన్ని ఫోనులో రాయడానికీ వీల్లేదు. కాబట్టి ఆసుపత్రి గుమ్మం దాటకముందే ఏ షాపులో ఉందో అడగండి. బిళ్ళలు వారానికి సరిపడా ఉండగానే మళ్ళీ బయలుదేరండి. ఇంట్లో తాళం వేసి ఉంచండి.

సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారానికోసారి డాక్టరే పెంచుతాడు. ముందుగా బరువు, ఎత్తు, నాడి, రక్తపోటు చూడాలి. ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో గుండె ఆగి పోయుంటే ఆ మాట దాచకండి. టిఫిను పెట్టాకే బిళ్ళ వేయండి, రాత్రి భోజనం కాస్త ఎక్కువ పెట్టండి. మామూలు బిళ్ళ పని నాలుగు గంటలే, సాయంత్రం వేస్తే నిద్ర చెడుతుంది.

అంత దూరం తిరగలేనివాళ్ళు ఏడీహెచ్‌డీకే వాడే మరో మందు ఆటమాక్సిటిన్ గురించి అడగొచ్చు. అది షెడ్యూల్ ఎక్స్‌లో లేదు. కానీ పూర్తి ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది, రోజూ వేయాలి. పది రోజులు చూసి "పనిచేయలేదు" అని మానేయడమే చాలామంది చేసే పొరపాటు. ఆరేళ్ళలోపు పిల్లలకైతే మందుకంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ.

వయసుతో చాలామందిలో తగ్గేది పరుగులూ గెంతులే. ధ్యాస నిలవకపోవడం ఎందరికో పెద్దయ్యాకా ఉంటుంది. పైతరగతికి వెళ్ళినప్పుడు కొత్త మాస్టారితో ఫారం మళ్ళీ రాయించండి, పాతదాని పక్కన పెట్టి చూస్తే మందు పనిచేస్తోందో లేదో డాక్టరుకు తెలుస్తుంది.