చైనా ఫుట్‌బాల్ కప్పు ఈల గారికి

గౌరవనీయులైన ఈల గారికి,

నమస్కారాలు. మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఎందుకుండరు? మొన్న శనివారం సాయంత్రం మైదానంలో ఇరవై మంది ఒకరి కాలర్లు ఒకరు పట్టుకున్నప్పుడు మీకు వీసమెత్తు శ్రమ కలగలేదు. రిఫరీ గారి కుడిచేతి వేళ్ల మధ్య చల్లగా కూర్చున్నారు.

నేను ఉద్యోగానికని చైనా వచ్చి, క్రికెట్ చూసే దిక్కులేక ఫుట్‌బాల్ మరిగిన తెలుగువాణ్ణి. ఇక్కడి ఫుట్‌బాల్ సంఘం నడిపే ఎఫ్‌ఏ కప్పు అంటే మరీ ఇష్టం. లీగ్‌లో ఎవరు పైకొస్తారో డబ్బు ముందే చెప్పేస్తుంది. కప్పులో అలా కాదు. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు కూడా ఎక్కడో ఒక రౌండులో లక్షల జీతగాళ్లకి ఎదురు నిలబడతారు. ఆ ముచ్చట కోసమే టికెట్టు కొన్నాను. ఆ రెండు జట్ల పేర్లు చెప్పను. మీకు తెలుసు, వాళ్లకీ తెలుసు, చెబితే మళ్లీ ఇంకో గొడవ.

గేటు దగ్గర నా గొడుగు తీసుకున్నారు. నీళ్ల సీసా తీసుకున్నారు. లోపల కొన్న కోలాని కూడా సీసాతో ఇవ్వకుండా కాగితం కప్పులో పోసి ఇచ్చారు, విసురుతానేమోనని. అంత తనిఖీ అయ్యాక నా చేతిలో మిగిలిన మారణాయుధాలు పొద్దుతిరుగుడు గింజల తొక్కలు మాత్రమే. సెక్యూరిటీ కుర్రాళ్లు టచ్‌లైన్ అవతల ప్లాస్టిక్ స్టూళ్ల మీద బారుగా కూర్చున్నారు. మైదానానికి వీపు పెట్టి, మా వైపు చూస్తూ. వాళ్ల వెనకాల ఆటగాళ్లు కలబడి కొట్టుకుంటున్నంతసేపూ, గింజలు కొరుక్కుంటున్న మమ్మల్నే కాపలా కాశారు. ఒక కుర్రాడు ఆగలేక మెడ తిప్పబోతే పక్కనున్న పెద్దాయన మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. ఆ సాయంత్రం మొత్తంలో న్యాయంగా పడిన మోచేయి అదొక్కటే.

అసలు మోచేయి విషయానికి వస్తాను. మీరు రాకపోయినా నేను వస్తాను.

పద్దెనిమిదో నిమిషం. త్రో-ఇన్ బంతి కోసం ఇద్దరు ఎగిరారు. పై డివిజన్ డిఫెండర్ మోచేయి కింది డివిజన్ కుర్రాడి కణతకి తగిలింది. నేను కూర్చున్న చోటికి శబ్దం వినిపించింది. లైన్స్‌మన్ నాకన్నా దగ్గర. రిఫరీ గారు అంతకన్నా దగ్గర. ఆయన మిమ్మల్ని పైకెత్తారు. పెదాల దాకా తీసుకెళ్లారు. అక్కడ ఒక్క క్షణం ఆగి, దించేశారు. దించేసి రెండు చేతులూ ముందుకి చాపి, అడ్వాంటేజ్, అంటే దెబ్బతిన్న జట్టుకే లాభం గనక ఆట ఆపను, ఆడుకోండి అన్నారు. ఎవరికండీ అడ్వాంటేజ్? కుర్రాడు కింద పడి ఉన్నాడు, బంతి గీత దాటి వెళ్లి సెక్యూరిటీ స్టూలు కింద దూరింది.

ఆ క్షణంలో మీరు ఒక్క కూత కూసి ఉంటే ఒక ఫ్రీకిక్, ఒక ఎర్రకార్డు, కాసేపు అరుపులు. అక్కడితో సరి. గోటితో పోయేది. మీరు కుయ్యలేదు గనక అయిదు నిమిషాలకి ఇటువైపు నుంచి బాకీ తీర్చారు. దానికి అటువైపు నుంచి వడ్డీ. సగం ఆట అయ్యేసరికి బంతిని ఎవరూ చూడటం లేదు, చీలమండలు వెతుక్కుంటున్నారు. మధ్యలో ఒక ఫ్రీకిక్‌కి మాత్రం గోడ కట్టినవాళ్లని 9.15 మీటర్లు వెనక్కి జరిపించడానికి మీరు ఎంత శ్రద్ధ తీసుకున్నారు! నురుగుతో గీత కూడా గీశారు. రూలు అంటే రూలే మరి.

రెండో సగంలో జరగాల్సింది జరిగింది. బెంచీల మీద ఉన్నవాళ్లు కూడా లోపలికి దూకారు. సబ్‌స్టిట్యూట్ గోల్‌కీపర్ గ్లౌజులు తొడుక్కుని మరీ వచ్చాడు, ఈ సీజన్లో వాటికి మళ్లీ పని దొరుకుతుందో లేదోనని. అప్పుడు మోగారు మీరు! ఊపిరి తిప్పుకోకుండా మోగారు. వినే నాథుడేడీ? మా ఊరి సినిమా హాల్లో నేల టికెట్టువాడు ఇంతకన్నా నయం. హీరో చెప్పు తెరమీద కనిపించీ కనిపించకముందే ఈల పడుతుంది. అతనికెవరూ లైసెన్సు ఇవ్వలేదు, కోచింగ్ ఇవ్వలేదు, ఎప్పుడు వేయాలో తెలుసంతే.

పావుగంట అలాగే పోయింది. చివర్లో కలిపింది ఆరు నిమిషాలు. స్టేడియం అంతా ‘తుయ్ ప్యావ్, తుయ్ ప్యావ్’ అని, మా డబ్బులు మాకిచ్చేయమని ఒకటే గోల. ఇచ్చేవాడెవడు?

మీ ఇంటి చరిత్ర నాకు తెలియదనుకోకండి. 1998 సెప్టెంబర్‌లో ఇదే కప్పు సెమీఫైనల్, దాల్యన్ వాండాకీ ల్యావ్‌నింగ్‌కీ. అప్పటికి వాండా అంటే మాటలా? లీగ్‌లో 55 మ్యాచ్‌లు ఓటమి ఎరగకుండా ఆడిన జట్టు. మాకు మూడు పెనాల్టీలు రావాలి, ఒక్కదానికీ ఈల పడలేదని క్లబ్ యజమాని వాంగ్ జ్యెన్‌లిన్ మండిపడి, చైనా ఫుట్‌బాల్‌కి శాశ్వతంగా దండం పెట్టేశాడు. ఆ శాశ్వతం 2011 దాకా నడిచింది. ఆ ఏడు డబ్బు పట్టుకుని మళ్లీ వచ్చాడు. కోటీశ్వరుల అలకలు అలాగే ఉంటాయి, శాశ్వతంగా పోయేది మా టికెట్టు డబ్బులే.

ఇంకోసారి అవసరానికి మించి మోగారు. 2004 అక్టోబర్‌లో ఒక లీగ్ మ్యాచ్‌లో మీరిచ్చిన పెనాల్టీకి బీజింగ్ జట్టు మొత్తం మైదానం వదిలి వెళ్లిపోయింది. వాళ్లకి 0-3 ఓటమి రాశారు. ఆ రోజు మిమ్మల్ని ఊదిన పెద్దమనిషికి 2012లో లంచాల కేసులో జైలు శిక్ష పడింది. ఆ మ్యాచ్‌కీ ఆ కేసుకీ ముడిపెట్టడం లేదు, వరసగా చెబుతున్నానంతే. అదే ఏడు లూ జున్‌కి అయిదున్నరేళ్లు పడ్డాయి. 2002 ప్రపంచకప్‌లో మిమ్మల్ని మోగించిన మనిషి, జనం బంగారు ఈల అని పిలుచుకున్న మనిషి. 2003లో షాంఘై షెన్‌హువా జట్టు గెలిచిన లీగ్ టైటిల్‌ని మ్యాచ్ ఫిక్సింగ్ కింద 2013లో వెనక్కి తీసుకున్నారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరుగుతాయని మా పెద్దలన్నారు, మీ దగ్గర పదేళ్లు పట్టింది. ఆ టైటిల్‌కి చప్పట్లు కొట్టిన పిల్లలకి ఈలోగా పెళ్లిళ్లు కూడా అయిపోయుంటాయి.

వీళ్లందరికన్నా ముందు దొరికిపోయిన రిఫరీ గోంగ్ జ్యెన్‌పింగ్. 2003లో పదేళ్ల శిక్ష పడింది, 2004లోనే జబ్బుతో పోయాడు. మిగతా ఈలలన్నీ ఆ రోజుల్లో ఎవరి జేబుల్లో ఉన్నాయో. ఈ ఒక్క సంగతి దగ్గర నాకు వెటకారం రాదు.

ఆస్కార్ మాట కూడా చెప్పుకోవాలి. 6 కోట్ల పౌండ్లు పోసి షాంఘై తెచ్చుకున్న బ్రెజిల్ ఆటగాడు. 2017 జూన్‌లో గ్వాంగ్‌జౌలో ఎదుటి జట్టువాళ్ల మీదికి బంతిని బలంగా తన్నాడు. ఒకసారి కాదు, వెంటవెంటనే రెండుసార్లు. రెండు జట్లూ కలబడ్డాయి. మైదానంలో ఎర్రకార్డు పడింది వేరే ఇద్దరికి, జట్టుకొకరు చొప్పున. ఆస్కార్‌కి 8 మ్యాచ్‌ల నిషేధం తర్వాత తీరిగ్గా కాగితం మీద వచ్చింది.

అన్నీ ఇలాగే, తర్వాత, తీరిగ్గా, కాగితం మీద. ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడిగా చేసిన చెన్ షూయ్వాన్‌కి 8 కోట్ల యువాన్లకి పైగా లంచాలు తిన్నందుకు 2024లో యావజ్జీవం. జాతీయ జట్టు కోచ్‌గా చేసిన లీ త్యేకి 20 ఏళ్లు. అదే సంవత్సరం మ్యాచ్ ఫిక్సింగ్‌లో 43 మందికి జీవితకాల నిషేధం. ఇక్కడ శిక్షలకేం తక్కువ లేదు. తక్కువల్లా పద్దెనిమిదో నిమిషంలో ఒక్క కూత.

మీకు గుర్తుందో లేదో, ఆ కుర్రాడు లేచాడు. కణత మీద చర్మం చిట్లి రక్తం కారుతుంటే నుదుటి చుట్టూ తెల్లటి కట్టు కట్టించుకుని మళ్లీ లోపలికి వచ్చాడు. మ్యాచ్ సాగినకొద్దీ ఆ కట్టు జారి కంటి మీద పడుతోంది, వాడు పైకి తోసుకుంటూ ఆడుతున్నాడు. ప్రతిసారీ రిఫరీ గారి పక్కనుంచి వెళ్తూ దాన్ని వేలితో చూపించాడు. మాటల్లేవు, వేలు మాత్రమే. ఆయన తల అటు తిప్పుకున్నారు. రెండో సగంలో ఆ డిఫెండర్‌ని వెనకనుంచి పడదోసింది వీడే. కొట్లాట మొదలైంది అక్కడే. ఎర్రకార్డు వీడికే. మోచేయి విసిరినవాడు ఆట ముగిసేదాకా ఆడి, చివర్లో మా స్టాండు వైపు చప్పట్లు కూడా కొట్టి వెళ్లాడు.

ఏం, భయమేసిందా? పై డివిజన్ వాడికి అంత త్వరగా ఎర్రకార్డు ఇస్తే ఎవరైనా ఏమైనా అంటారనా? వీఐపీ బాక్సులో ఎవరి మొహం కనిపించింది నీకు? పెదాల దాకా వచ్చి ఎందుకు దిగిపోయావు? నిన్ను ఊదడానికి కావాల్సింది పిడికెడు ఊపిరి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కమిటీ కూర్చోనక్కర్లేదు. బాకా ఊదమనలేదు, బ్యాండ్ మేళం పెట్టమనలేదు. నీకున్న పని ఒక్కటి. ఇరవై రెండు మంది ఒళ్లు నీ మీద వదిలేసి ఆడుతుంటారు. పగలంతా పనిచేసుకుని వచ్చే కుర్రాడి కంటి పక్కన కుట్లు పడితే సోమవారం వాడి ఉద్యోగానికి నువ్వెళ్తావా?

రేపోమాపో క్రమశిక్షణ కమిటీ ప్రకటన వస్తుంది. ఇన్ని మ్యాచ్‌ల నిషేధం, ఇన్ని వేల యువాన్ల జరిమానా అని అందులో ఉంటుంది. పద్దెనిమిదో నిమిషం ఊసు మాత్రం ఉండదు, నువ్వు మోగలేదు కదా, ఎక్కడా నమోదు కాలేదు. ఆ జరిమానాలో టికెట్టు కొన్నవాడి వాటా గురించి కూడా ఒక వాక్యం రాయమని చెప్పు, పుణ్యముంటుంది.

తర్వాతి రౌండుకి టికెట్టు కొనేశాను. మా ఆవిడ నన్ను ఏమందో ఇక్కడ రాయలేను. అదే స్టాండు, టచ్‌లైన్‌కి ఇంకో రెండు వరసలు ముందుకి. ఈసారి మొదటి మోచేతికే ఊదు.

ఇట్లు,
గొడుగు ఇంకా తిరిగి రాని
ఒక ప్రేక్షకుడు