సవరణ: మిట్ట ఎక్కుతూ ఆగిపోయే ఎలక్ట్రిక్ డర్ట్ బైక్

‘మీటరులో ఛార్జింగ్ ఉన్నా నిటారైన మిట్ట ఎక్కేటప్పుడు సర్‌రాన్ లైట్ బీ ఆగిపోతుంటే బ్యాటరీ మార్చాల్సిందే’ అన్న గత వ్యాసంలోని వాక్యాన్ని ‘ముందు కనెక్టర్లను, ఆ తర్వాతే బ్యాటరీని పరీక్షించాలి’ అని మార్చి చదవగలరు. 60 వోల్టుల ఆ బ్యాటరీలో 16 సెల్ గుంపులు సిరీస్‌లో (ఒకదాని వెనుక ఒకటి) ఉంటాయి, నిండితే ఒక్కో గుంపు దాదాపు 4.2 వోల్టులు ఇస్తుంది కనుక, నిండా ఛార్జ్ అయ్యాక మల్టీమీటరు 67 వోల్టుల దరిదాపుల్లో చూపాలి. అయితే నిలిపి ఉంచిన బండిలో ఆ అంకె సరిగ్గా ఉన్నంత మాత్రాన నమ్మడానికి వీల్లేదు, ఎందుకంటే థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఒక్క గుంపు వోల్టేజి పరిమితి కన్నా దిగజారినా, మిగతా 15 బాగున్నప్పటికీ, బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ నియంత్రణ వ్యవస్థ) సరఫరాను నిలిపివేస్తుంది. భారం తగ్గగానే వోల్టేజి కోలుకుంటుంది. అందుకే ఈ లోపం షెడ్డులో ఓ పట్టాన దొరకదు.

కనెక్టరు పిన్ను నల్లబడినా, దాని చుట్టూ ప్లాస్టిక్ కరిగి వంగినా అక్కడ రెసిస్టెన్స్ పెరిగి, మోటారుకు కరెంటు అందించే కంట్రోలరుకు చేరే వోల్టేజి పడిపోతోందని అర్థం. కొత్త బ్యాటరీ ధర ముందు కనెక్టరు ఖర్చు ఏపాటిది? బురద వదిలించడానికి ప్రెషర్ వాషర్ వాడేవారు ఈ చోటును మరీ శ్రద్ధగా చూడాలి. బ్యాటరీని మాత్రం ఇంట్లో విప్పకుండా, గుంపులవారీ వోల్టేజి కొలవగల మెకానిక్‌కు అప్పగించాలి.