ఎంజైమ్ బొమ్మ దొరికితే టీబీ మందు దొరికినట్టేనా?

మా ఫ్యామిలీ గ్రూప్‌లో మూడ్రోజుల్నుంచి ఒకటే ఫార్వర్డ్. "టీబీ క్రిమి ఎంజైమ్‌ని ఫోటో తీసేశారు, ఇక మందు రెడీ, కంపెనీలు అది దాచిపెట్టి పనికిరాని పాత బిళ్ళలే అమ్ముతున్నాయి" అని. కింద రంగురంగుల రిబ్బన్ల బొమ్మ, ఇన్హా అనే ఎంజైమ్ అట, అంటే క్రిమి లోపల రసాయన పనులు చేసిపెట్టే ఒక ప్రోటీన్.

ముందు ఫోటో సంగతి. అది ఫోటో కాదు. ఎంజైమ్‌ని శుభ్రంగా విడదీసి చిన్న చుక్కగా గాజుపలకకి తలకిందులుగా వేలాడదీస్తే, రోజులకో వారాలకో, దారానికి పటికబెల్లం కట్టినట్టు స్ఫటికాలు కడతాయి, అదీ అదృష్టం బాగుంటేనే. వాటిమీద ఎక్స్‌రేలు కొడితే వచ్చేవి ఉత్త చుక్కలు, ఆ చుక్కల్నిబట్టి లెక్కలేసి ఏ ఆటమ్ ఎక్కడుందో మోడల్ కడతారు. రంగులు మనం పూసుకున్నవే.

దాచిపెట్టారట! ఇన్హా స్ట్రక్చర్, అంటే ఈ బొమ్మే, 1995లోనే సైన్స్ పత్రికలో అచ్చయింది, న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ మెడికల్ కాలేజీ వాళ్ళ పని. ప్రోటీన్ల స్ట్రక్చర్లు అందరికీ పెట్టే ప్రోటీన్ డేటా బ్యాంక్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉంది, లాగిన్ కూడా అడగదు, ఫార్వర్డ్ చేసినాయన ఫోన్లోనే తెరిచి వేలితో గిరగిరా తిప్పి చూసుకోవచ్చు.

స్ట్రక్చర్ వస్తే మందు వచ్చేసినట్టే అనేదే అసలు తప్పు. ఇక్కడ జరిగింది పూర్తిగా ఉల్టా. ఆ పాత బిళ్ళల్లో ఒకటైన ఐసోనియజిడ్‌ని 1912లోనే ప్రేగ్‌లో తయారుచేశారు, టీబీ మీద పనిచేస్తుందని తెలిసేసరికి 1952 దగ్గరికొచ్చింది, ఎంజైమ్ బొమ్మ వచ్చింది ఇంకో 43 ఏళ్ళకి. బెడాక్విలిన్‌ అనే కొత్త టీబీ మందు కూడా అంతే, బతికున్న బ్యాక్టీరియా మీద వేల కెమికల్స్ వేసి చూస్తే దొరికింది, బొమ్మ చూసి కాదు.

మరి బొమ్మ దండగా అంటే, కాదు. ఆ "పాత బిళ్ళ" ఎలా చంపుతుందో చెప్పింది అదే. ఐసోనియజిడ్ నేరుగా ఏమీ చెయ్యదు, టీబీ క్రిమిలోనే ఉండే క్యాట్‌జీ అనే ఇంకో ఎంజైమ్ దాన్ని విడగొడితే, ఆ ముక్క కణంలో ఉండే ఎన్ఏడీ అనే అణువుకి అతుక్కుని, రెండూ కలిసి ఇన్హా గూట్లో దూరి కూర్చుంటాయి, దాంతో సెల్ గోడకి కావాల్సిన మైకోలిక్ ఆమ్లాలు ఆగిపోతాయి. అంటే ఆ క్రిమి తన విషం తనే కలుపుకుంటుందన్నమాట. అలా అతుక్కుని కూర్చున్నది 1998లో స్ఫటికంలోనే కనబడింది. క్యాట్‌జీలో 315వ చోట సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి థ్రియోనిన్ అనేది వస్తే చాలు, మందు మేల్కోదు, క్రిమి మందుకి లొంగకపోవడం (రెసిస్టెన్స్) ఎక్కువగా అక్కడే. అందుకే క్యాట్‌జీతో పనిలేకుండా ఇన్హానే పట్టుకునే మందుల కోసం ఈ బొమ్మ ముందు పెట్టుకుని తంటాలు పడుతున్నారు.

అదే గ్రూప్‌లో మా బాబాయ్ ఉన్నాడు, టీబీ కోర్సు నాలుగో నెల. ఫార్వర్డ్ చూసి ఫోన్ చేశాడు, "ఒరేయ్, మరి ఈ బిళ్ళలు ఆపేయొచ్చా?" అని. బాబాయ్, ఆ బొమ్మలో గూట్లో కూర్చున్నది నువ్వు పొద్దున వేసుకున్న బిళ్ళే, ఆపకు అన్నా.