కిడ్నీ పేషెంటు చేతికి కొబ్బరి బొండం ఇవ్వకండి

రోజుకో బొండం తాగితే కిడ్నీలు శుభ్రమైపోతాయట, పరగడుపున రెండు చెంచాల కొబ్బరి నూనె తాగితే గుండెకు ఢోకా ఉండదట. ఈ వీడియోలు చూసి చూసి కోపమొచ్చి రాస్తున్నాను. కొబ్బరి మీద కాదు నా కోపం. ఎండాకాలంలో బొండాన్ని మించిన పానీయం లేదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు హాయిగా తాగొచ్చు. దాన్ని సర్వరోగ నివారిణిగా ప్రచారం చేసేవాళ్ల మీదే నా కోపం.

నూనె సంగతి ముందు చెప్పేస్తాను. తలకు రాసుకోండి, మంచిదే. తాగడం వేరు. అందులో 80 శాతానికి పైగా చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే శాచురేటెడ్ కొవ్వే. 2020లో 16 పరిశోధనల ఫలితాలను కలిపి చూస్తే, మిగతా వంటనూనెల కంటే కొబ్బరి నూనె వాడినప్పుడు చెడు కొలెస్ట్రాల్ డెసిలీటరు రక్తానికి సగటున 10 మిల్లీగ్రాములు ఎక్కువగా ఉంది. పచ్చడిలో, కూరలో కొబ్బరి వేసుకుంటే భయపడాల్సిన పనేం లేదు. గుండెకు మందని చెంచాలతో తాగడం మాత్రం ఆపండి.

అసలు ప్రమాదం బొండం నీళ్ల దగ్గర ఉంది. వంద మిల్లీలీటర్లలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక మోస్తరు బొండం తాగితే అరటిపండులో కన్నా ఎక్కువ పొటాషియమే ఒంట్లోకి వెళ్తుంది. కిడ్నీలు బాగుంటే ఆ ఎక్కువైంది మూత్రంలో పోతుంది. పాడైతే రక్తంలోనే ఉండిపోతుంది. అది బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె జబ్బు మాత్రలు వాడేవాళ్లలో పొటాషియం పెరిగే అవకాశం అసలే ఎక్కువ.

కిడ్నీలో రాళ్లున్న మనిషికి డాక్టర్ నీళ్లు బాగా తాగమంటారు. ఆయన బొండాలు తాగి బాగుందని పక్కింటాయనకు చెబుతాడు. ఆ పక్కింటాయనకు ఉన్నది రాళ్లు కాదు, కిడ్నీలు సరిగా వడకట్టలేక రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిన జబ్బు. రెండూ కిడ్నీ జబ్బులే కదా అనుకోవడంతోనే ముప్పు మొదలవుతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే చూడండి. కవిటి, కంచిలి, సోంపేట వైపు ఎటు చూసినా కొబ్బరి తోటలే. 2018లో తిత్లీ తుపానుకు లక్షల చెట్లు కూలినా, కొబ్బరి ఇప్పటికీ అక్కడి బతుకుదెరువు. కారణం పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తున్నదీ ఆ ఊళ్లనే. పెరట్లో చెట్టు ఉండి, ఇంట్లో డయాలసిస్ మనిషి ఉన్న కుటుంబానికి ‘బొండం కిడ్నీకి మంచిది’ అనే వీడియో పంపడం ఎంత ఘోరం!

పిల్లలకు విరేచనాలైనప్పుడు కూడా ఓఆర్ఎస్ బదులు బొండం పట్టిస్తుంటారు. ఓఆర్ఎస్‌లో సోడియం, గ్లూకోజ్ లెక్క ప్రకారం ఉంటాయి. బొండం నీళ్లలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గిపోతున్న పసివాడికి అది చాలదు. ముందు ఓఆర్ఎస్ ప్యాకెట్ కలపండి.

మన దగ్గర ఏ ఆసుపత్రి గేటు ముందు చూసినా బొండాల బండి ఉంటుంది. చూడ్డానికి వెళ్లేవాళ్లు ప్రేమతోనే రెండు కొట్టించుకుని వెళ్తారు, వాళ్లను తప్పుపట్టను. కానీ డయాలసిస్ వార్డు తలుపు మీద ‘కొబ్బరి నీళ్లు ఇవ్వకండి, ముందు డాక్టర్‌ని అడగండి’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? అన్ని ఆసుపత్రులూ ఆ బోర్డు పెట్టాలి.